యాభై మీటర్లలో బడి

"నేనడిగేది ఒక్కటే అత్తయ్యా. అది సంజీవరావు పెట్టిన బడని మీకు తెలుసా, తెలీదా?"

శ్రీజ గొంతు ఎదురు ఫ్లాటు దాకా వినపడింది. వినపడితే వినపడనీ అనుకుంది. పటమటలో ఆ అపార్ట్‌మెంటుకి కాపురానికి వచ్చాక ఆమె గొంతు గుమ్మం దాటడం ఇదే మొదటిసారి.

శాంతకుమారి గోరుచిక్కుళ్ళు తుంచుతూ కూర్చుంది. తలెత్తలేదు. ఈనె తీసి, తుంచి, గిన్నెలో వేసి ఇంకోటి అందుకుంది. హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి. అల్లరి క్లాసు దానంతటదే చల్లారేదాకా నోరు మెదపకుండా ఉండడం ఆవిడకి అలవాటు. ఆ అలవాటే ఇవాళ కోడలికి ఒళ్ళు మండిస్తోంది.

మండదూ మరి! నిన్న పొద్దున కంకిపాడు దాటాక రోడ్డువారనున్న తన స్థలం దగ్గరికి ఎంత ధీమాగా వెళ్ళింది! అక్కడ తన పెట్రోలు బంకు రాకుండా అడ్డం పెట్టడానికి పోటీ బంకు యజమాని సంజీవరావు పక్కనే లేపిన దొంగబడిని ఫోన్లో వీడియో తీద్దామని వెళ్ళింది. పిల్లలుండరు, పాఠాలుండవు, బొమ్మలేసిన గోడలూ ఒక బోర్డూ ఉంటాయంతే. అది కోర్టుకి చూపిస్తే వాడి బండారం బయటపడుతుందనుకుంది. తీరా కిటికీలోంచి తొంగిచూస్తే చాక్‌పీసు పట్టుకుని నిలబడ్డది సాక్షాత్తూ సొంత అత్తగారు. ఎదురుగా చాపల మీద గదినిండా పిల్లలు.

కంచే చేను మేస్తే ఇంక ఎవరితో చెప్పుకోవాలి?

"శ్రీజా, కాస్త మెల్లగా..." అన్నాడు విఠల్. భార్యకీ తల్లికీ మధ్య ఎక్కడ నిలబడాలో తెలియక ఫ్రిజ్ దగ్గర నిలబడ్డాడు పాపం.

"మెల్లగానా? మీకు ఆఫీసుంది, నెలకి జీతముంది. నేను కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం మానేసి కూర్చున్నాను. అమ్మమ్మ ఇచ్చిన ఆ ముక్క స్థలంలో బంకు పెట్టుకుందామని, ఆడవాళ్ళ కోటాలో లాటరీ తగిలితే ఊరంతా లడ్డూలు పంచాను. ఈ నెలాఖరులోగా స్టే తీయించకపోతే కంపెనీవాళ్ళు నా అలాట్‌మెంటు తీసేసి వెనకనున్న పేరుకి ఇచ్చేస్తారు. ఇంకెంత మెల్లగా మాట్లాడాలండీ?"

మామగారు రామకృష్ణగారు పేపరు వెనక్కి ఇంకాస్త సర్దుకున్నారు. ఇరిగేషన్ ఆఫీసులో పనిచేసినన్నాళ్ళూ రైతులు కొట్టుకుంటుంటే కాలవ వైపు చూస్తూ నిలబడ్డ మనిషాయన. ఇంట్లోనూ అదే పద్ధతి.

"తెలీదు," అంది శాంతకుమారి చివరికి. "మొదట్లో తెలీదు."

"మొదట్లో అంటే?"

"దసరా వెళ్ళాక రిటైర్డ్ టీచర్ల మీటింగుకి వచ్చాడాయన. నాకు శాలువా కప్పాడు. చెరుకు నరకడానికి వచ్చిన కూలీల పిల్లలు గాలికి తిరుగుతున్నారు మేడమ్, బడి పెడుతున్నాను, మీ చేత్తో దీపం వెలిగించండి అన్నాడు. వెళ్ళి వెలిగించాను. ఆయన బంకులో పనిచేసేవాళ్ళ పిల్లల్ని నలుగుర్ని తెచ్చి కూర్చోబెట్టాడు. మర్నాడు వెళ్తే ఆ నలుగురూ లేరు."

"లేకపోతే తిరిగొచ్చేయాలి కదా!"

"ఎలా వస్తాను? గది ఉంది, బోర్డుంది, చాక్‌పీసులున్నాయి. నేనే తోటల్లో గుడిసెల దగ్గరికి వెళ్ళాను. తల్లుల్ని బతిమాలి ఒక్కొక్కణ్ణీ తెచ్చుకున్నాను."

శ్రీజ నెత్తి కొట్టుకుంది. "ఓరి దేవుడో! వాడు దొంగబడి పెడితే మీరు దాన్ని నిజం బడి చేశారా?"

లోకంలో ఇంకెవరైనా అయితే ఖాళీ గది చూసి, ఇదేదో తిరకాసు వ్యవహారమని మధ్యాహ్నం బస్సుకే తిరిగొచ్చేవారు. టీచర్ల ఇంట పుట్టి, నల్లబల్ల ముందే జుట్టు నెరిసిన మనిషికి ఆ తెలివి ఎక్కణ్ణించి వస్తుంది? పిల్లల్లేని గది కనపడితే పిల్లల్ని వెతుక్కుంటూ పోవడమే తెలుసు ఆవిడకి. సంజీవరావు అదృష్టం అలా పండింది.

"సరే. అది నా స్థలం పక్కనే అని ఎప్పుడు తెలిసింది?"

"నీ స్థలం నేనెప్పుడు చూశానమ్మా? భూమిపూజకి నేను రాలేదుగా."

"రానన్నది మీరే! చదువు చెప్పుకునే కొంపలో పెట్రోలు కంపేంటి అన్నది మీరే!"

"అన్నాను. తప్పే." ఇంకో చిక్కుడు తుంచింది. "కిందటి నెల్లో గాలికి పక్క స్థలంలో రేకుబోర్డు పడిపోతే మా పిల్లలు ఎత్తుకొచ్చి దానిమీద కూర్చున్నారు. లేపి చూస్తే నీ పేరుంది."

"కిందటి నెల్లో!" శ్రీజ ఒక అడుగు ముందుకేసింది. "నెలరోజులు నా చేత్తో వడ్డిస్తే తిన్నారు. స్టే ఇచ్చారని నేను ఏడుస్తుంటే పక్కన కూర్చుని వీపు నిమిరారు. ఇంత గుండెలు తీసిన బంటు అనుకోలేదు మిమ్మల్ని!"

"శ్రీజా!" అన్నాడు విఠల్.

"మీరు నోర్మూసుకోండి!"

ఆ మాట ఆ ఇంట్లో ఏ ఆడదీ ఏ మగవాణ్ణీ అనలేదు. పేపరు కూడా కిందికి దిగింది.

శాంతకుమారి అప్పుడు తలెత్తింది. "రోజూ పొద్దున్నే కంకిపాడు వెళ్ళొస్తానని చెప్పే వెళ్ళాను. ఎవరికీ దాచలేదు. ఎందుకు వెళ్తున్నావని ఈ ఇంట్లో ఒక్కరడిగారా?"

విఠల్ ఫ్రిజ్ తలుపు తెరిచి మళ్ళీ మూశాడు.

"ఏదో పారాయణం అనుకున్నాం శాంతా," అని గొణిగారు రామకృష్ణగారు.

"అనుకున్నారు. అడగలేదు." ఆవిడ గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

*

గవర్నరుపేటలో లాయరు నతానియేలుగారి ఆఫీసు మేడమీద. మెట్లెక్కేసరికే సగం కోపం ఆయాసంగా మారింది శ్రీజకి. మిగతా సగం ఆయన ముందు కుమ్మరించింది.

నతానియేలుగారు అంతా విని కళ్ళజోడు తుడుచుకున్నారు. "పెద్ద కిలాడీయే తగిలాడమ్మా మీకు. మీ అత్తగారిని ఏరి కోరి ఎంచుకున్నాడు వాడు. ఆవిడ ఎవరో తెలిసే శాలువా కప్పాడు. కోడలు అత్తగారిని బోనెక్కించదు, సంసారం కాపాడుకోడానికి కేసు వదిలేస్తుందని వాడి లెక్క."

"నేను వదలను."

"వదలమని నేననను. వాడు సొంతంగా వేసిన మొదటి కేసు ఏమైంది? పోటీ వ్యాపారికి అడిగే హక్కు లేదని కొట్టేశారు. ఆ దెబ్బతో బడి పేరు పెట్టి ఇంకొకడి చేత వేయించాడు. బడికీ బంకుకీ మధ్య యాభై మీటర్లు ఉండాలి, లేదు కాబట్టి ఆపేయండి అంటున్నాడు. అక్కడే ఒక అబద్ధం ఆడాడు. బడి జూన్ నుంచే నడుస్తోందని రాయించాడు. మీకు కలెక్టరాఫీసు ఎన్‌ఓసీ ఇచ్చిందెప్పుడు?"

"ఆగస్టులో."

"బడి తెరిచింది?"

"దసరా వెళ్ళాక. ఆవిడ నోటితోనే చెప్పింది."

ఆయన బల్ల మీద చరిచారు. "ఇంకేం కావాలి? రేపు ఎమ్మార్వో కోర్టు చెప్పిన ప్రకారం చూడ్డానికి వస్తాడు. బడి ముందా, ఎన్‌ఓసీ ముందా అన్నదే ప్రశ్న. పాఠం చెప్పే మేడమ్ ఏమంటే అదే రిపోర్టు. ఆవిడ నిజం చెబితే సంజీవరావు తవ్విన గోతిలో సంజీవరావే పడతాడు. చెబుతారా?"

శ్రీజ ఆలోచించలేదు. ఎంత కోపంలో ఉన్నా ఆ ఒక్క విషయంలో అనుమానం లేదు. "అబద్ధం ఆవిడ నోట రాదండీ."

"అయితే ఇంటికెళ్ళి ఆవిడతో కాస్త మెత్తగా మాట్లాడండమ్మా."

"అది మాత్రం నా వల్ల కాదు," అంటూ లేచింది.

*

సాయంత్రం బాల్కనీలో బట్టలు తీస్తున్న అత్తగారి దగ్గరికి వెళ్ళి నిలబడింది. పొద్దుటి మాటలు ఇద్దరి మధ్యా అలాగే ఉన్నాయి. ఎవరూ వెనక్కి తీసుకోలేదు.

"రేపు ఎమ్మార్వో అడుగుతాడు. బడి ఎప్పుడు తెరిచారని."

"ఉన్నదే చెబుతాను. దసరా తర్వాతని."

శ్రీజ గుండెల్లో బరువు దిగింది. దిగింది గానీ థ్యాంక్స్ చెప్పడానికి నోరు రాలేదు. నిజం చెప్పడానికి కూడా దణ్ణం పెట్టాలా ఏంటి అనిపించింది.

శాంతకుమారి చీర మడత పెడుతూ అడిగింది. "నీ బంకు వచ్చాక ఆ పిల్లలేమవుతారు?"

"నన్నడుగుతారేంటి?"

"ఆయన మూసేస్తాడు శ్రీజా. నీ బంకు ఆపడానికి తప్ప ఆయనకి బడితో పనేముంది?"

"మూయనివ్వండి. పెట్టినవాడే మూస్తాడు. మధ్యలో నాకేం?"

"వాళ్ళ అమ్మానాన్నలు ఉయ్యూరు ఫ్యాక్టరీకి చెరుకు నరుకుతారు. సీజనయిపోతే వాళ్ళ ఊళ్ళకి పోతారు. అప్పటిదాకా, ఏప్రిల్ దాకా అయినా..."

"ఏప్రిల్ దాకా ఆగితే నా బంకుకి పాడె కట్టుకోవాలి! నెలాఖరు అని పొద్దున్నుంచి మొత్తుకుంటున్నాను, మీ చెవికెక్కదా?"

"అది కాదే. ఇద్దరం కలిసి చుట్టుపక్కల ఇంకో గది వెతుకుదామా? ఆ ఊరు మీ అమ్మమ్మవాళ్ళదే కదా. నువ్వడిగితే ఎవరైనా ఇస్తారు."

అడిగితే ఇచ్చేవాళ్ళే. ఆ సంగతి శ్రీజకి తెలుసు. మేనమామ వాళ్ళ ధాన్యం కొట్టు ఏడాదిలో సగం ఖాళీగానే ఉంటుంది. ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది. కానీ పొద్దున్నుంచి ఉడికిన కోపం ఊరికే చల్లారుతుందా?

"నాకు వేరే పనుల్లేవనుకున్నారా? నన్ను నిలువునా ముంచి, ఇప్పుడు మీ బడికి గది వెతకమంటారా? ఎవరత్తయ్యా ఆ పిల్లలు? మీకు చుట్టాలా పక్కాలా? నేను ఈ ఇంటి కోడల్ని. వాళ్ళకన్నా నేను తక్కువైపోయానా మీకు?"

శాంతకుమారి ఏమీ అనలేదు. మడత పెట్టిన బట్టలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మౌనం అర్ధాంగీకారం అనుకుంది శ్రీజ. ఆ ఇంట్లో అత్తగారి మౌనానికి ఇన్నాళ్ళూ అందరూ చెప్పుకున్న అర్థం అదే.

*

మర్నాడు కార్లో ముగ్గురూ బయల్దేరారు. విఠల్ రేడియో పెట్టబోయాడు. శ్రీజ కట్టేసింది. పెనమలూరు దాటాక చెరుకులారీ వెనక ఇరుక్కుపోతే ఎవరూ విసుక్కోలేదు, విసుక్కోవడానికైనా నోరు తెరవాలి కదా.

స్థలం దగ్గర అప్పటికే జీపు ఉంది. ట్యాంకు దించడానికి తవ్విన గొయ్యి స్టే వచ్చిన రోజు నుంచీ అలాగే నోరు తెరుచుకుని ఉంది. దాని అవతలే రేకుల గది, గోడల మీద ఏనుగులూ చిలకలూ. లోపల పిల్లలు మూడో ఎక్కం అరుస్తున్నారు. గుమ్మంలో తెల్ల చొక్కా వేసుకుని సంజీవరావు.

"రండి మేడమ్, రండి! మీకోసమే చూస్తున్నాం," అని శాంతకుమారికి వంగి వంగి నమస్కారం పెట్టాడు. శ్రీజ వైపు చూసి పళ్ళికిలించాడు. "బాగున్నావా అమ్మాయ్?"

"బాగానే ఉన్నాను. మీ సంగతి ఇంకో గంటలో అడుగుతాను."

సర్వేయరు టేపు పట్టాడు. గొయ్యి అంచు నుంచి బడి గోడ దాకా నలభై మీటర్లు కూడా లేవు. ఎమ్మార్వో కుర్రవాడే, కొత్తగా వచ్చినవాడు. రాసుకుని, శాంతకుమారి వైపు తిరిగాడు.

"ఇక్కడ పాఠాలు చెప్పేది మీరేనాండీ? ఈ బడి ఎప్పట్నుంచి నడుస్తోంది?"

"కిందటి జూన్ నుంచి సార్," అన్నాడు సంజీవరావు.

"నిన్ను కాదయ్యా ఆయన అడిగింది." శాంతకుమారి గొంతు పెద్దది కాదు గానీ లోపల ఎక్కం ఆగిపోయింది. "దసరా తర్వాత తెరిచామండీ. దీపం వెలిగించింది నేనే. అంతకుముందు ఇక్కడ బడి లేదు. జూన్ నుంచీ ఉందన్నది శుద్ధ అబద్ధం."

సంజీవరావు మొహం మాడిపోయింది. "మేడమ్ పెద్దవారైపోయారు, మర్చిపోయారు సార్..."

"నా మతి బానే ఉంది. నీ నీతి సంగతి చూసుకో."

శ్రీజ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంత కోపంలోనూ ఒక్క క్షణం ఆవిడ చెయ్యి పట్టుకోవాలనిపించింది. నిన్న అన్న మాటలు అనకపోయి ఉంటే బావుండేదనిపించింది. విఠల్ ఊపిరి పీల్చుకున్న చప్పుడు పక్కకి వినపడింది.

"అయితే ఎన్‌ఓసీ ముందు, బడి తర్వాత," అన్నాడు ఎమ్మార్వో రాసుకుంటూ. "అభ్యంతరం నిలబడదు."

సంజీవరావు ఒక్క క్షణం కూడా ఆగలేదు. జేబులోంచి తాళంకప్ప తీశాడు. "నిలబడకపోతే ఇంక ఇదెందుకు? గది నేను అద్దెకి తీసుకున్నది. ఏయ్ పిల్లలూ, లేవండి! బయటికి నడవండి! బడీ లేదు గిడీ లేదు."

పిల్లలు లేచారు. ఎవరూ ఎందుకని అడగలేదు. పలకలు చంకన పెట్టుకుని బయటికొచ్చి, ఎటు పోవాలో తెలియక, అలవాటుగా శాంతకుమారి వెనక వరస కట్టారు.

ఆవిడ వాళ్ళని చూసింది. తర్వాత ఎమ్మార్వో వైపు నడిచింది.

"ఆగండి. నా మాట ఇంకా అవలేదు. అభ్యంతరం లేదని నేనన్లేదు."

"అదేంటండీ? ఇప్పుడేగా మీరు..."

"ఇప్పుడు చెప్పింది నిజం. ఈయన రాయించింది అబద్ధం, అది రాసుకోండి. బంకు కాగితాల్లో ఏ తప్పూ లేదు, అదీ రాసుకోండి. ఇవాళ మీరొచ్చి చూస్తే ఇక్కడ బంకు లేదు, గొయ్యి ఉంది. పిల్లలున్నారు. యాభై మీటర్ల రూలు పెట్టింది పిల్లలకోసమే కదండీ? వాళ్ళు ఉండగా ఇక్కడ పెట్రోలు దింపడానికి వీల్లేదని నా అభ్యంతరం. అది రాసుకుని నా సంతకం తీసుకోండి. కోర్టుకి రమ్మన్నా వస్తాను."

శ్రీజకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఎమ్మార్వో చేతిలో పెన్ను వైపు చూసింది. సంజీవరావుకి మాత్రం వెంటనే అర్థమైంది. తాళంకప్ప తిరిగి జేబులోకి వెళ్ళిపోయింది.

"చూశారా సార్, మేడమ్ మనసు!" అన్నాడు వాడు. "అబ్బే, బడి ఎందుకు మూస్తానండీ? కేసున్నన్నాళ్ళూ నడుస్తుంది. కూర్చోండమ్మా, కూర్చోండి, చదువుకోండి."

"నువ్వు మాట్లాడకు," అంది శాంతకుమారి. "గొడవ ఉన్నంతసేపే నీ తలుపులు తెరిచి ఉంటాయని తెలిసే ఈ పని చేస్తున్నాను. నీ మొహం చూసి కాదు."

"అత్తయ్యా!" శ్రీజ అరిచింది. రోడ్డు మీద ట్రాక్టరు నడిపేవాడు తిరిగి చూశాడు. "నెలాఖరుకి పది రోజుల్లేవు! మీరు సంతకం పెడితే నా పని ఖతం. తెలుసా మీకు?"

"తెలుసు."

"తెలిసే చేస్తున్నారా?"

"నిన్న అడిగాను కదమ్మా. గది వెతుకుదామా అని."

ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. తగిలినందుకు ఇంకా మండింది. గది వెతకనంటే గొంతు కోస్తారా? ఇదేం న్యాయం? ఇదేం పెద్దరికం?

ఎమ్మార్వో ఇబ్బందిగా ఇద్దర్నీ చూశాడు. "మీ అభ్యంతరం రాస్తానండీ, రాయక తప్పదు. మీరు బడి తరఫునా, ఈయన తరఫునా?"

"ఎవరి తరఫునా కాదు. నా తరఫునే. కె. శాంతకుమారి, రిటైర్డ్ హెడ్మిస్ట్రెస్."

"బంకు పెట్టే ఆవిడకి మీరేమవుతారు?"

"అత్తగారిని."

పెన్ను ఆగింది. మళ్ళీ కదిలింది. ఆవిడ ఎక్కడ పెట్టమంటే అక్కడ గుండ్రటి అక్షరాలతో సంతకం పెట్టింది.

శ్రీజ ఇంక అరవలేదు. దగ్గరికి వెళ్ళి, ఆవిడ మొహంలోకి చూస్తూ చెప్పింది.

"శాంతకుమారిగారూ, ఇంక మనం కోర్టులోనే మాట్లాడుకుందాం."

పెళ్ళయి వచ్చిన రోజు నుంచీ అత్తయ్యా అన్న నోరు. శాంతకుమారి రెప్ప వేయలేదు గానీ పక్కనున్న పిల్ల భుజం మీద చెయ్యి వేసి ఆనుకుంది.

"సాక్షి సంతకం ఒకటి కావాలండీ," అన్నాడు ఎమ్మార్వో చుట్టూ చూస్తూ. "ఈయన పనికిరాడు. ఇంకెవరున్నారు?"

"మా అబ్బాయి ఉన్నాడు," అంది శాంతకుమారి. "ఇక్కడ జరిగిందంతా కళ్ళారా చూశాడు. రా నాన్నా."

శ్రీజ కారు తలుపు పట్టుకుని వెనక్కి తిరిగింది. "చెయ్యండి. చేసేసి మీ అమ్మతోపాటు బస్సెక్కి ఇంటికి వెళ్ళండి. కారు తాళాలు మాత్రం ఇటివ్వండి."

ఎమ్మార్వో పెన్ను చాచాడు. శ్రీజ అరచెయ్యి చాచింది.

విఠల్ పెన్నూ అందుకోలేదు, తాళాలూ ఇవ్వలేదు.